10వ తరగతి పిల్లలకు వంటింటి రసాయన శాస్త్రం: సూచనలు కావాలి

నేను ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. సమీకరణాల తుల్యం చెప్పేటప్పుడు ముభావంగా కూర్చునే పిల్లలే, పసుపునీళ్లలో సున్నం కలిపితే క్షార గుణం వల్ల అవి పారాణిలా ఎర్రబడటం, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు రావడం చూపినప్పుడు బెంచీల మీది నుంచి లేచి వచ్చారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి చెంబు మీది ఆక్సైడ్ పొరను కరిగిస్తుందని చెబితే, చింతపండుతో తోమడం తమ అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసని నాకే పాఠం చెప్పారు. అయితే నల్లబల్ల మీద సమీకరణం రాయగానే ఆ ఉత్సాహం చల్లారిపోతోంది. గోడకు వేసిన సున్నం 2, 3 రోజుల్లో కాల్షియం కార్బోనేట్‌గా మారే తేలిక చర్యతో సమీకరణాలు మొదలుపెట్టడం మంచిదా? ప్రయోగశాల అవసరం లేకుండా, 45 నిమిషాల పీరియడ్‌లో ఆక్సీకరణ (ఆక్సిజన్ చేరడం), క్షయకరణాలను (ఆక్సిజన్ తొలగడం) ప్రమాదం లేకుండా చూపగల ప్రయోగాలను అనుభవమున్న ఉపాధ్యాయులు దయచేసి తెలియజేయగలరు.