పేరు చెరిగిన పాత ఫ్లాష్‌ను డిజిటల్ కెమెరాకు తగిలించవచ్చా?

ప్రశ్న: పాత సామాన్లలో దొరికిన ఈ ఫ్లాష్ అడుగున, మధ్యలో ఒకే ఒక లోహపు చుక్క ఉంది. దీన్ని నేరుగా వాడవచ్చా?

మొదటి జవాబు: ఒకే చుక్క ఉన్న ఫ్లాష్ కెమెరా నుంచి వెలగమనే సంకేతాన్ని మాత్రమే అందుకుంటుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుగు మోతాదును) మీరే సెట్ చేసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, బ్యాటరీలు వేసి రెడీ దీపం వెలిగాక, ఆ చుక్కకూ పక్కనున్న లోహపు అంచుకూ మధ్య వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలవండి. వివిటార్ 283 అనే పాత ఫ్లాష్ తొలి నమూనాలలో అది 200 వోల్టులు దాటేది; కొన్ని డిజిటల్ కెమెరాలు 6 వోల్టులకు మించి తట్టుకోలేవు.

రెండో జవాబు: ఎక్కువ వచ్చినా పారేయకండి. అంత వోల్టేజీని తట్టుకునే ఆప్టికల్ స్లేవ్‌కు (వెలుగును గ్రహించి ఫ్లాష్‌ను వెలిగించే చిన్న పరికరానికి) తగిలిస్తే, కెమెరాను తాకకుండానే మరో ఫ్లాష్ వెలుగుకు ఇదీ వెలుగుతుంది. లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్‌లో బ్యాటరీలు తీసినా సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు కనుక, విప్పే సాహసం మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారు: కొలిస్తే 180 వోల్టులు చూపింది. స్లేవ్ కొంటాను.