మ్యాచ్‌లో ఆడిన బ్యాట్ అంటున్నారు, కొనేముందు ఏం చూడాలి?

ఆఫ్‌స్టంప్:
2018లో ఒక వన్డే సెంచరీ కొట్టిన బ్యాట్ అని అమ్మకానికి పెట్టారు. ముఖం (బంతిని కొట్టే వైపు) మీద సంతకం, నిండా ఎర్ర మచ్చలు, హోలోగ్రామ్ అంటించిన సర్టిఫికెట్ ఉన్నాయి. ఇప్పటికి ఫొటోలే పంపారు. అడ్వాన్స్ ఇచ్చేముందు ఏమేం అడగాలి?

పాతబంతి:
ముందు సర్టిఫికెట్ పూర్తిగా చదవండి. చాలావాటిలో సంతకం అసలైనదేనని రాసి ఉంటుంది, మ్యాచ్ ఊసే ఉండదు. షాపులోంచి తెచ్చిన కొత్త బ్యాట్ మీదా ఆటగాడు నిజంగానే సంతకం పెడతాడు కదా. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2001 నుంచి ఒక పద్ధతి ఉంది: స్టేడియంలోనే ఉండి చూసిన మనిషి వస్తువుకి నంబరున్న హోలోగ్రామ్ అంటిస్తాడు, ఆ నంబర్ కొడితే వివరాలొస్తాయి. చూసిన మనిషి లేకపోతే హోలోగ్రామ్ ఉత్త స్టిక్కరే.

ఇక ఎర్ర మచ్చలు. 2018 వన్డే అంటే తెల్ల బంతి! అవి నెట్స్‌లోనో టెస్టులోనో ఎర్ర బంతి తగిలి పడి ఉండొచ్చు, కాబట్టి బ్యాట్ నకిలీదని అనలేం. కానీ అమ్మేవాళ్లు వాటినే సాక్ష్యంగా చూపిస్తుంటే జాగ్రత్త.

గ్రెయిన్‌గీత:
అసలు పరీక్ష ఫొటో మ్యాచింగ్. విల్లో చెక్కలో నిలువుగా కనబడే గ్రెయిన్ గీతలు ఏ రెండు బ్యాట్లకీ ఒకేలా పడవు. ముఖం, వెనక భాగం, రెండు అంచులు, టో (బ్యాట్ అడుగు కొస) విడివిడిగా, వంకర లేకుండా ఎదురుగా పెట్టి తీసి పంపమనండి. ఆ ఇన్నింగ్స్‌లో వార్తా ఏజెన్సీలు తీసిన ఫొటోలు పెద్ద సైజువి సంపాదించండి. సెంచరీ తర్వాత బ్యాట్ ఎత్తిన ఫొటోలో ముఖమో వెనక భాగమో బాగా దొరుకుతుంది. గీతల మధ్య ఎడం ఎంత, ఏ గీత ఎక్కడ వంగింది, చిన్న ముడి, గోధుమరంగు మరక ఎక్కడున్నాయి, స్టిక్కర్ మూల ఏ గీత మీద ఆగింది, ఇవన్నీ పోల్చండి. స్టిక్కర్ ఒక్కటే కలిస్తే లెక్కలోకి రాదు, అది ఎప్పుడైనా మార్చొచ్చు.

ఇంకోటి: మ్యాచ్ తర్వాత కొత్త దెబ్బలు పడొచ్చు. మచ్చల్ని గరుకు కాగితంతో గీకేయొచ్చు కూడా. గ్రెయిన్, ముడి మాత్రం ఎక్కడికీ పోవు. అవి కుదరలేదంటే వేరే బ్యాటే.

ఆఫ్‌స్టంప్:
ఏ ఫొటోలోనూ గీతలు స్పష్టంగా లేకపోతే?

పాతబంతి:
అప్పుడు "ఆ సెంచరీ" అన్న మాటకి పైసా ఎక్కువ ఇవ్వకండి. ఆడిన బ్యాటేనా అని మాత్రం తేల్చుకోవచ్చు. దెబ్బలు బ్యాట్ మధ్యలో ఒకచోట గుమిగూడి, అంచుల మీద అక్కడక్కడా ఉండాలి. ముఖమంతా సమానంగా పరుచుకుంటే ఎవరో కూర్చుని కొట్టినవే. గార్డ్ తీసుకుని నేలకి తట్టీ తట్టీ టో అరుగుతుంది, సందుల్లో మట్టి దూరుతుంది. ముఖం చితికి, టో కొత్తగా మెరుస్తుంటే నమ్మొద్దు. సంతకం దగ్గర లెన్స్ పెట్టి చూడండి: సిరా మచ్చ మీదుగా పోవాలి. మచ్చే సిరా మీద ఉంటే సంతకం పెట్టాక పడిందన్నమాట.

క్రికెట్ నియమాల ప్రకారం 2017 అక్టోబర్ 1 నుంచి బ్యాట్ అంచు 40 మి.మీ., మొత్తం మందం 67 మి.మీ. మించకూడదు. వెర్నియర్ కాలిపర్ (మందం కొలిచే పరికరం) పెట్టి కొలిచిన ఫొటో అడగండి. అంచు 43 వస్తే 2018 మాట అబద్ధమని అక్కడే తేలిపోతుంది.

కవర్‌పాయింట్:
జెర్సీలు కొనేవాళ్లకి కూడా ఒక మాట. టెస్టు చొక్కా వీపు మీద పేరు, నంబర్ వచ్చింది 2019 యాషెస్ (ఇంగ్లండ్-ఆస్ట్రేలియా టెస్టు సిరీస్)తోనే. అంతకుముందు టెస్టుదని చెప్పి వీపు మీద నంబరున్న చొక్కా చూపిస్తే వదిలేయండి. టెస్టు బౌలర్ ప్యాంటయితే బంతి రుద్దే చోటే ఎర్రగా ఉంటుంది. రెండు తొడల మీదా ఒకే తీరుగా ఉందంటే చేతిపనే.