గొంతు ఆపరేషన్ తర్వాత దగ్గు: నిద్రమందు ఇవ్వొచ్చా?

నంద్యాల చెక్‌పోస్ట్:
మా నాయనకు స్వరపేటిక క్యాన్సర్. పన్నెండు రోజుల కింద కర్నూల్లో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడకున్న రంధ్రంతోనే ఊపిరి, ముక్కు పైపుతో పాలు, జావ. పగలు ఎట్లో గడుస్తుంది. రాత్రి రెండింటికి దగ్గు మొదలైతే మెడ పట్టుకుని వంగిపోతాడు. మొన్న పలక మీద "నిద్ర కావాల" అని రాసి చూపించాడు. డ్యూటీ డాక్టరును నిద్రమందు అడిగితే కుదరదని వెళ్లిపోయాడు, కారణం చెప్పలేదు. ఇది జాగ్రత్తా, మొండితనమా?

తాడిపత్రి సిస్టర్:
ఈఎన్‌టీ వార్డులో పదకొండేళ్లు చేశాను. కుదరదనడం సరైనదే, కారణం చెప్పకపోవడం తప్పు. మనం పీల్చే గాలిని ముక్కు తడిపి, వెచ్చబరిచి, వడగట్టి లోపలికి పంపుతుంది. మీ నాయనకు ఇప్పుడు ఆ దారి లేదు. మన ఎండాకాలపు గాలి నేరుగా లోపలికి పోయినట్టే. కళ్లె ఎండి బంకలా అతుక్కుంటుంది, దాన్ని బయటికి తోసేది దగ్గే. మత్తులో దగ్గు ఆగినా కళ్లె ఊరడం ఆగదు. అది రంధ్రానికి అడ్డం పడితే నోటితో గాలి పీల్చే అవకాశం కూడా ఆయనకు లేదు.

బురుజు నీడ:
సిస్టరమ్మా, చెప్పడానికి బాగానే ఉంది. అర్ధరాత్రి పక్కన కూర్చున్నోడికి అది అక్కరకొస్తుందా? మా చిన్నాయనకు ఇదే ఆపరేషన్ అయితే పారాసిటమాల్‌తో సరిపెట్టారు. గట్టి నొప్పి మందు మార్ఫిన్ ఇస్తే అలవాటవుతుందట! గొంతు కోయించుకున్న మనిషికి అలవాటు భయమా? ఇంట్లో ఉన్న నిద్రమందు, అల్‌ప్రజోలం అర బిళ్ల నూరి పైపులో వేశాం. ఆ రాత్రి పడుకున్నాడు. తప్పు చేశామని ఇప్పటికీ అనుకోను.

కడప మందులంగడి:
అదృష్టం బాగుండి తెల్లారిందన్నా. అల్‌ప్రజోలం నొప్పి మందు కాదు. నొప్పి అట్లే ఉంటుంది, చెప్పుకునే తెలివి పోతుంది. అసలే మాట లేని మనిషి. ట్రామడాల్, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు నడుస్తుంటే ఇది తోడై ఊపిరిని మందగింపజేస్తుంది. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జోడీ మీద నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక అచ్చు వేయమంది, మార్ఫిన్ జాతిదే అయిన కోడైన్ దగ్గు మందులతో సహా. మన దగ్గర అల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1లో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా "ఒక్క స్ట్రిప్ ఇయ్యప్పా" అని వచ్చేవాళ్లకు కొదవ లేదు.

మార్ఫిన్ విషయంలో మాత్రం నేను మీ వైపే. 1985 మత్తుమందుల చట్టం తర్వాత లైసెన్సుల తలనొప్పికి చాలా ఆసుపత్రులు దాన్ని వదిలేశాయి. 2014లో చట్టం సవరించి సులువు చేశారు. ఆ పాత భయం ఇంకా వదల్లేదు.

తాడిపత్రి సిస్టర్:
నొప్పికి మందు వద్దని నేనెక్కడన్నాను? నొప్పికి భయపడి గట్టిగా దగ్గక కళ్లె లోపలే మిగిలిపోయిన వాళ్లను ఎంతమందిని చూశానో. నొప్పి మందు వేళకు పడితేనే మనిషి సరిగ్గా దగ్గుతాడు. పడుకునే ముందు సెలైన్ నెబ్యులైజర్ (ఉప్పునీటి తుంపరతో కళ్లె తడపడం), సక్షన్ (గొట్టంతో కళ్లె లాగేయడం). తలవైపు మంచం ఎత్తు. మార్ఫిన్ మొదలుపెడితే మలబద్ధకానికి మందు కూడా ఆ రోజు నుంచే. మెడ కుట్ల దగ్గర ఉమ్మి కారుతోందేమో, జ్వరం ఉందేమో చూడండి. అట్లా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పెన్నా ఒడ్డు:
మా అమ్మకు జబ్బు తిరగబెట్టి ఊపిరితిత్తులకు పాకింది. చివరి వారం డాక్టరు మాతో గంటసేపు మాట్లాడి, ఒప్పించి, మిడజోలం అనే మత్తుమందు పెట్టారు. అది సరైన పనే. కానీ అది పోయే ముందు మనిషికి. ఇక్కడ ఆ పెద్దాయన బతకాల్సిన మనిషి.

బురుజు నీడ:
బతకాల్సిన మనిషైతే బాధ ఓర్చుకోవాలా? ఆ లెక్క నాకు ఎక్కదు. సరే, అర బిళ్ల మాత్రం ఎవరూ నన్ను చూసి వేయకండి.

నంద్యాల చెక్‌పోస్ట్:
నిన్న పొద్దున పెద్ద డాక్టరును పట్టుకున్నా. నిద్రమందు ఊసెత్తలేదు. నొప్పి పదికి ఎంతో నాయన చేత పలక మీద రాయించి చూపించా: ఎనిమిది. మందు మార్చి ఆరు గంటలకోసారి రాశారు, నెబ్యులైజర్ కూడా. రాత్రి మూడుసార్లు దగ్గాడు, రెండుసార్లు కళ్లె పడింది. నాలుగు గంటలు పడుకున్నాడు. సిస్టర్, ఇంటికి పోయాక సక్షన్ మెషిన్ పెట్టుకోమంటున్నారు. మా ఊర్లో కరెంటు పోతే ఎట్ల?

తాడిపత్రి సిస్టర్:
కాలితో తొక్కే సక్షన్ ఉంటుంది, కరెంటు అక్కర్లేదు. డిశ్చార్జికి ముందే వార్డులో మీ చేత, అమ్మ చేత చేయించమని అడగండి.