ప్రాణం నిలిపే కనెక్టర్ మీద పేటెంట్ ఉండొచ్చా?

బెజవాడ_కార్లు
సూటిగా అడుగుతున్నాను. సీటు బెల్టు, పిల్లల సీటును కారుకు బిగించే కొక్కేలు, సెలైన్ గొట్టం చివరుండే కనెక్టర్... వీటి మీద ఏ కంపెనీకైనా పేటెంట్ ఉండాలా? ఉండకూడదంటాను. 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ అనే ఇంజినీరు మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టు తెచ్చాడు. అంతకుముందు ఆయన సాబ్ కంపెనీలో విమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేసినవాడు. నడుముకు ఒక పట్టీ, భుజం మీదుగా ఒక పట్టీ, రెండూ తుంటి పక్కన ఒకే బకిల్‌లో కలుస్తాయి. ఒంటి చేత్తో పెట్టుకోవచ్చు. వోల్వో ఆ పేటెంట్‌ను వదిలేసి లోకానికి ఇచ్చేసింది. ఇవాళ మన కార్లన్నిటిలో ఉన్నది అదే. మిగతావాళ్లు ఎందుకు ఇవ్వరు?

రూలు_రూలే
"వదిలేసింది" అనకండి. పేటెంట్ తీసుకుంది. అమెరికాలో 1962లో మంజూరైంది. ఇతర కంపెనీలను వాడుకోనిచ్చింది, అంతే. హక్కు తన దగ్గరే ఉంది.

బెజవాడ_కార్లు
డబ్బు అడగనప్పుడు తేడా ఏముంది బ్రదర్?

రూలు_రూలే
చాలా ఉంది. పొలం అమ్మేయడం, పొలంలో నడవనివ్వడం ఒకటేనా?

చిన్నోడి_అమ్మ
నాకు పేటెంట్ సంగతి తెలియదు. మా బాబు కోసం కొన్న సీటును బెల్టుతో బిగించడానికి ప్రతిసారీ చెమటలు పట్టేవి. బిగిసిందో లేదోనని దారంతా టెన్షన్. ఐసోఫిక్స్, అంటే సీటు నేరుగా తగిలే కొక్కేలు ఉన్న కారు తీసుకున్నాక టక్‌మని రెండు శబ్దాలు, పచ్చ గుర్తు కనిపిస్తుంది, అయిపోయింది.

బెజవాడ_కార్లు
నేను చెప్పేదీ అదే మేడమ్. ఐసోఫిక్స్ 1999లో ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణంగా వచ్చింది. 6 మి.మీ. లావు కడ్డీలు రెండు, మధ్య దూరం 280 మి.మీ. ఏ దేశపు కారైనా కొలత అదే. అన్నీ అన్నిటికీ అతకాలి. ఆసుపత్రుల్లోనూ అలాగే ఉంటే సగం కష్టాలు తీరతాయి.

రాత్రి_డ్యూటీ
ఈ ఆఖరి మాట దగ్గర ఆగండి అన్నా. నేను ఐసీయూ స్టాఫ్ నర్సుని, 14 ఏళ్లు. మా దగ్గర అన్నీ అన్నిటికీ అతకడమే ప్రమాదం. సిరంజి మూతికి ఉండే లూయర్ కొలత 19వ శతాబ్దం చివర పారిస్‌లో పుట్టింది. మూతి నూటికి 6 వంతుల వాలుతో సన్నబడుతుంది. అదే సిరంజి నరంలోకి వెళ్లే ఐవీ లైనుకు పడుతుంది, వెన్ను దగ్గర మత్తు ఎక్కించే ఎపిడ్యూరల్‌కు పడుతుంది, కొన్ని ఫీడింగ్ గొట్టాలకూ పడుతుంది. ఇంగ్లండ్‌లో 2001లో నరంలోకి మాత్రమే వెళ్లాల్సిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందును ఒక యువకుడికి వెన్నులోకి ఎక్కించారు. బతకలేదు. ఆ సిరంజి ఆ సూదికి చక్కగా అతికింది.

రూలు_రూలే
లూయర్ మీద ఇప్పుడు పేటెంట్ ఏదీ లేదు. కాబట్టి ఇది చర్చకు సంబంధం లేని విషయం.

రాత్రి_డ్యూటీ
సంబంధం ఉంది సార్. హక్కు లేదు, అందరూ వాడారు, అందుకే అన్ని గొట్టాలకూ అదే మూతి అయింది.

ఓటీ_టెక్నీషియన్
మత్తు యంత్రం మీద సిలిండర్లు బిగించే చోటు చూడండి. ఆక్సిజన్‌కు పిన్నులు 2, 5 స్థానాల్లో ఉంటాయి. మత్తుకు వాడే నైట్రస్ వాయువుకు 3, 5. ఎంత నిద్రమత్తులో ఉన్నా ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

నర్సీపట్నం_నుంచి
కూర్చోకపోతే గొప్పేనా? నా అనుభవం వినండి. నాన్నకు పక్షవాతం వచ్చింది. హైదరాబాదులో పొట్టకు గొట్టం వేసి పంపారు. ఊదా రంగు మూతి, కొత్త రకం. ఇంటికొచ్చాక రాత్రి 9 గంటలకు జావ పోద్దామంటే మా ఊరి మెడికల్ షాపులో దొరికిన 50 సీసీ సిరంజి దానికి పట్టదు. నొక్కితే జావంతా పక్క నుంచి కారి తువ్వాలు తడిసిపోయింది. ఆయన మాట్లాడలేరు, కళ్లతో చూస్తున్నారు. చివరికి కత్తెరతో ఆ మూతి కోసేసి పాత సిరంజి దూర్చాను. మీ ప్రమాణాలు మా ఊరికి రావు.

రాత్రి_డ్యూటీ
కోశారా? అయ్యో, ఎంత పని చేశారండి! ఆ మూతి అలా చేసిందే పొరపాటున ఇంకో లైను తగలకూడదని. దాన్ని కోసేస్తే ఇక ఏదైనా దూరుతుంది. సిలిండర్ పిన్ను విరగ్గొట్టడం లాంటిది ఇది.

నర్సీపట్నం_నుంచి
మీరు ఐసీయూలో కూర్చుని చెబుతారు. మా ఇంట్లో నాన్నకు ఉన్నది ఒకే గొట్టం. ఇంకో లైనే లేదు. తప్పుగా తగలడానికి ఏముంది? జాగ్రత్తగా చూసుకునే మనిషి ఉంటే ఏ మూతైనా ఒకటే. మీ నర్సులు అజాగ్రత్తగా ఉంటారని మాకెందుకు ఈ శిక్ష?

రాత్రి_డ్యూటీ
అజాగ్రత్త అన్నారు కాబట్టి చెబుతున్నాను. నాలుగేళ్ల క్రితం రాత్రి 3 గంటలు. ఆరుగురు పేషెంట్లకు ఇద్దరం. ఒకాయన మంచం మీద గొట్టాలకు తెల్ల టేపు ముక్కలంటించి మార్కరుతో రాసుకున్నాం. చెమటకు ఒక ముక్క ఊడింది. ముక్కు నుంచి పొట్టలోకి వెళ్లే రైల్స్ ట్యూబులో వేయాల్సిన మాత్రల పొడి నీళ్లు సిరంజిలో ఉన్నాయి, నా చెయ్యి మెడ దగ్గర నరంలోకి వెళ్లే లైను మీదికి పోయింది. మూతి తిప్పాను కూడా. పక్క పేషెంట్ మానిటర్ మోగడంతో తల తిప్పాను, అప్పుడు చూసుకున్నాను. నేనే వెళ్లి సూపర్‌వైజర్‌కు చెప్పాను. నాకు మెమో వచ్చింది. సిరంజిలు మాత్రం మారలేదు. ఇప్పటికీ ఆ మూతి తిరిగిన చప్పుడు నాకు గుర్తే. జాగ్రత్తగా ఉన్న మనిషినే నేను.

ఓటీ_టెక్నీషియన్
సిస్టర్, చెప్పినందుకు దండం.

బెజవాడ_కార్లు
నేను పేటెంట్ గురించి అడిగితే చర్చ ఎటో పోయింది.

చిన్నోడి_అమ్మ
ఎటూ పోలేదండి. తప్పు జరిగితే మనిషిని పట్టుకోవాలా, వస్తువునే మార్చాలా అన్నదే కదా మొదటి నుంచీ. నా బెల్టు చెమటలూ అవే.

నర్సీపట్నం_నుంచి
సిస్టర్, అజాగ్రత్త అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది. కానీ నా బాధ కూడా మీరు వినాలి. మూతి మార్చినవాళ్లు దానికి పట్టే సిరంజి మా చేతిలో పెట్టి పంపొద్దా? డిశ్చార్జ్ కాగితంలో అన్నం ముద్ద గురించి రాశారు గానీ దీని గురించి ఒక్క లైను లేదు.

రాత్రి_డ్యూటీ
అది ముమ్మాటికీ ఆసుపత్రి తప్పే. ఆ కొత్త మూతికి పట్టేదాన్ని ఎన్‌ఫిట్ సిరంజి అంటారు, ఆ పేరుతో అడగండి. పెద్ద సర్జికల్ షాపుల్లో అడాప్టర్ కూడా ఉంటుంది, ఒక పక్క కొత్త మూతి, ఇంకో పక్క పాతది. కోసిన గొట్టాన్ని మాత్రం అలా వదలకండి, వేసిన డాక్టరుకు చూపించండి. చివర మార్చే వీలుందేమో చూస్తారు. గొట్టం ఎంత మిగిలింది?

నర్సీపట్నం_నుంచి
జానెడు. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం.

రూలు_రూలే
వోల్వో మాత్రం పేటెంట్ వదల్లేదు. వాడుకోనిచ్చింది.