హామంటన్‌లో బ్లూబెర్రీలు కోయడానికి ఎప్పుడు వెళ్ళాలి? పెరట్లో మొక్కలు పసుపెక్కుతున్నాయి

గుంటూరు అబ్బాయి, ఎడిసన్:
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు జూన్‌లో గుంటూరు నుంచి వస్తున్నారు, ఆగస్టు దాకా ఉంటారు. నాన్నగారు మిర్చి రైతు. అమెరికాలో మేముండే న్యూజెర్సీ రాష్ట్రంలోనే, దక్షిణాన హామంటన్ వైపు బ్లూబెర్రీ తోటకి తీసుకెళ్ళి ఆయన చేత్తో కోయించాలని ఉంది. ఏ రోజుల్లో వెళ్తే బాగుంటుంది? ఇంకోటి, పెరట్లో పెట్టిన రెండు మొక్కల లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఎరువు వేసినా మార్పు లేదు.

పైన్‌బారెన్స్ తోటమాలి:
జులై 4కి అటూఇటూగా ఒక వారం చూసుకోండి. డ్యూక్ రకం జూన్ మధ్యలో మొదలవుతుంది, నెలాఖరుకి బ్లూక్రాప్ అందుకుంటుంది. ఇలియట్ జులై చివర్లో గానీ రాదు, కాస్త పులుపు. ముందు తోటకి ఫోన్ చెయ్యండి. హామంటన్ చుట్టూ పెద్ద తోటలు ఎక్కువగా మార్కెట్‌కి పంపేవే, జనాన్ని కోసుకోనిచ్చేవి కొన్నే.

కోత గురించి ఒకటి గట్టిగా చెప్తాను. నీలం తిరగ్గానే కాయ పండినట్టు కాదు. తొడిమ దగ్గర ఎర్రటి చాయ కనిపిస్తే వదిలెయ్యండి. కోశాక మెత్తబడుతుంది గానీ తీపి పెరగదు. నీలమయ్యాక ఇంకొన్ని రోజులు కొమ్మ మీద ఉన్నదానికే అసలు రుచి. గుత్తి కింద అరచెయ్యి పట్టి బొటనవేలితో మెల్లగా దొర్లించండి. పండినవి వాటంతటవే చేతిలో రాలతాయి, లాగాల్సివస్తే అది ఇవాళ కోయాల్సింది కాదు. గుత్తి మొత్తం ఒకేసారి పండదు, మిర్చిలాగే విడతలు విడతలుగా కోస్తారు. ఈ సంగతి మీ నాన్నగారికి ఒకరు చెప్పాలా! పండు మీది తెల్లటి పొడి తుడవకండి, పండుని కాపాడేది అదే. తినే ముందే కడుక్కోండి.

వీలైతే బ్రౌన్స్ మిల్స్ దగ్గరున్న వైట్స్‌బాగ్ కూడా చూపించండి. అడవిలో మాత్రమే కాసే ఈ కాయని పంటగా మార్చింది అక్కడే. బ్లూబెర్రీకి పుల్లటి నేల కావాలని ఫ్రెడరిక్ కొవిల్ అనే శాస్త్రవేత్త తేల్చారు. క్రాన్‌బెర్రీ రైతు కూతురు ఎలిజబెత్ వైట్ అది చదివి 1911లో ఆయనకి ఉత్తరం రాశారు. అడవి దారులు తెలిసిన స్థానికులకి డబ్బిచ్చి, పెద్ద కాయలు కాసే పొదలు వెతికించారు, దొరికిన పొదకి దాన్ని చూపించినవాళ్ళ పేరే పెట్టారు. రూబ్ లీక్ చూపించిన పొదే రూబెల్ రకం. 1916లో మొదటి పంట అమ్మారు. రైతుకి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది?

ఇక మీ మొక్కలు. ఎరువు తక్కువై కాదండీ, మట్టిలో పులుపు చాలక. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, అందుకే లేత ఆకు పసుపెక్కుతుంది. పీహెచ్ (మట్టి పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 నుంచి 5 మధ్య ఉండాలి. ముందు మట్టి పరీక్ష చేయించండి. పులుపు పెంచడానికి గంధకం వేస్తారు, అది పని చేయడానికి నెలలు పడుతుంది. మొక్క చుట్టూ పైన్ బెరడు పరవండి, నత్రజనికి అమ్మోనియం సల్ఫేట్ వాడండి. లాన్‌కి వేసే సున్నం, పొయ్యి బూడిద ఆ దరిదాపులకి రానివ్వకండి. వేళ్ళు పైపైనే ఉంటాయి, కలుపు కోసం లోతుగా తవ్వొద్దు.

చెర్రీహిల్ పద్మ:
పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే ఆ ఇసుక నేలల్లో ఎండ నిలబడనివ్వదు. వాన పడిన మర్నాడు వద్దు, తడి పండు త్వరగా పాడవుతుంది. లోతు బకెట్‌లో నింపితే అడుగువి నలుగుతాయి, వెడల్పు డబ్బాలు పట్టుకెళ్ళండి. మిగిలినవి కడక్కుండా పళ్ళెంలో ఒక వరస పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత సంచిలో వెయ్యండి. విడివిడిగా ఉంటాయి.

గుంటూరు అబ్బాయి, ఎడిసన్:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించా. వెంటనే అడిగారు, మన పొలంలో వేస్తే వస్తుందా అని!

పైన్‌బారెన్స్ తోటమాలి:
ఈ జెర్సీ రకాలు రావండి. ఏడు డిగ్రీల లోపు చలి 800 గంటలైనా తగలాలి, లేకపోతే సరిగా పూయవు. బిలోక్సీ లాంటి తక్కువ చలి రకాలు ఉన్నాయి, పెరూ ఎడారి ఇసుకలో డ్రిప్ పెట్టి పండిస్తున్నది అలాంటివే. కానీ మీ నల్లరేగడి క్షారం, పైగా నీరు పట్టి ఉంచుతుంది. ఈ వేరుకి రెండూ పడవు. ఆయనకి అంత ముచ్చటైతే పెద్ద కుండీలో, పీట్ (కుళ్ళిన నాచు, పుల్లగా ఉంటుంది) కలిపిన మట్టిలో, మే ఎండకి నీడ కట్టి ఒక్క మొక్క పెంచి చూడమనండి. పొలం మాత్రం మిర్చికే ఉంచమనండి.