పాత ఈపీఏబీఎక్స్‌లో కొత్త టేపు పెట్టాలా, మెమరీ కార్డుకి మారాలా?

లాడ్జి_మెయింటెనెన్స్: మా దగ్గర పాత డెఫినిటీ ఈపీఏబీఎక్స్ (గదుల ఫోన్లన్నీ కలిపే లోపలి ఎక్స్ఛేంజ్) ఉంది, 180 ఎక్స్‌టెన్షన్లు. బ్యాకప్ మొత్తం పావు అంగుళం టేపు కార్ట్రిడ్జ్ మీదే. నిన్న 'సేవ్ ట్రాన్స్‌లేషన్' (ఎక్స్‌టెన్షన్ల సెట్టింగులన్నీ టేపు మీద దాచే కమాండ్) కొడితే ఎర్రర్ వచ్చింది, రెండోసారికి అయింది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కుర్రాడేమో కొత్త కార్ట్రిడ్జ్ చాలంటాడు, మేనేజర్ గారేమో టేపు పీకేసి కార్డు పెట్టించమంటున్నారు. ఏది మేలు? యూపీఎస్ బ్యాటరీలు కూడా ముసలివే, అదో టెన్షన్.

రాగితీగ: కార్డే. ఈ రకం కార్ట్రిడ్జ్ 3ఎం వాళ్లు 1972లో తెచ్చింది. లోపల టేపుని తిప్పేది సాగే బెల్టు. ఏళ్లు గడిచేసరికి అది పట్టు వదిలేస్తుంది, లేదా తెగుతుంది. సీలు విప్పని పెట్టె కొన్నా లోపలి బెల్టు వయసు తగ్గదు కదా! 'కొత్త టేపు' అనే మాటే తమాషా.

ఎస్‌ఎల్‌టీ_బాబాయ్: తమ్ముడూ, నువ్వు చెప్పినంత సులువు కాదది. కార్డు పెట్టాలంటే దాన్ని చదివే బోర్డు కావాలి, దానికి ప్రాసెసర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరాలి. పాత డేటాని కొత్త వెర్షన్‌లోకి మార్చుకోవాలి. ఇప్పుడు ఆ బోర్డులు దొరికేది సెకండ్ హ్యాండ్‌లోనే. ఎవరో పీకి అమ్మిన బోర్డు మీద 180 గదుల ఫోన్లు ఆధారపడాలా? ముందు టేపు డ్రైవు తెరిచి, కార్ట్రిడ్జ్‌ని తిప్పే రబ్బరు రోలర్ చూడమనండి. అది జిగురైపోయి ఉంటే ఎన్ని కార్ట్రిడ్జ్‌లు మార్చినా అన్నీ పాడవుతాయి. బాగుంటే టేపుని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలామటుకు ఎర్రర్లు పోతాయి.

రాగితీగ: బాబాయ్, రోలర్ మాట ఒప్పుకుంటా. మరి అది జిగురైతే? డ్రైవు కూడా సెకండ్ హ్యాండ్‌దే కొనాలిగా!

ఎస్‌ఎల్‌టీ_బాబాయ్: రోలర్‌కి కొత్త రబ్బరు వేయించుకోవచ్చు. బోర్డుకి వేయించలేం.

రాత్రి_డ్యూటీ: మీ ఇద్దరి గొడవ తర్వాత. లాడ్జి గారూ, రెండోసారి సేవ్ అయిందన్నారు, ఆ టేపు నుంచి లోడ్ చేసి చూశారా? నేను పనిచేసిన చోట ఏడాదిపాటు ప్రతి రాత్రీ సేవ్ అయినట్టే చూపించింది. ఒకరోజు కరెంటు పోయి లేచాక ఖాళీ చేసిన గదుల పాత పేర్లన్నీ తిరిగొచ్చాయి. రెండో కార్ట్రిడ్జ్ బీరువాలో ఉంది గానీ దాని మీద సేవ్ చేసినవాడే లేడు. ఇప్పుడు నడుస్తున్న డేటా మెమరీలో ఉంది కాబట్టి ముందు ఎక్స్ఛేంజ్ ఆపకండి. ల్యాప్‌టాప్‌ని టెర్మినల్‌గా పెట్టి 'లిస్ట్ స్టేషన్' (ఎక్స్‌టెన్షన్ల జాబితా చూపే కమాండ్) కొట్టి, వచ్చిందంతా ఫైల్‌గా దాచుకోండి. ట్రంకులు (బయటి లైన్లు), హంట్ గ్రూపులు (ఒక నంబరుకి వచ్చిన కాల్‌ని ఖాళీగా ఉన్న ఫోనుకి పంపే గుంపులు) కూడా.

రాగితీగ: ఆ కాగితం చూసి 180 ఎక్స్‌టెన్షన్లు మళ్లీ టైపు చేస్తారా?

రాత్రి_డ్యూటీ: చేస్తారు. తిట్టుకుంటూ చేస్తారు. కాగితం లేకపోతే ఏ గదికి ఎస్‌టీడీ ఉందో గుర్తు తెచ్చుకుంటూ చేస్తారు.

ఎస్‌ఎల్‌టీ_బాబాయ్: ఇంకోటి. మీ వెర్షన్‌లో సాఫ్ట్‌వేర్ కూడా టేపు నుంచే లోడ్ అవుతుంటే ఖాళీ కార్ట్రిడ్జ్ పనికిరాదు, ఉన్నదాన్నే కాపీ తీయాలి. ఏఎంసీ కుర్రాడికి ఈ సంగతి తెలుసో లేదో అడగండి.

లాడ్జి_మెయింటెనెన్స్: అడిగాను. 'చూసి చెప్తా సార్' అన్నాడు. ఫైల్ మాత్రం తీసేశాను, పది పేజీలు వచ్చింది. రోలర్‌ని వేలితో ముట్టుకుంటే బెల్లంపాకంలా అంటుకుంది. మేనేజర్ గారికి ఇంకా చెప్పలేదు.