భారతం మిట్టకు హార్మోనియమా, కీబోర్డా?

ఇత్తడిమెట్లు (చిత్తూరు):
మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజుల భారతానికి (మహాభారతం ఉత్సవం, అది ఆడే చోటే మిట్ట) ఇరవై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తా ఉన్నా. పగలు హరికథ, రాత్రికి నాటకం. నాది నాటకం వాటా. ఈ ఏడు దుర్యోధనుడి వధ అయిన పొద్దున, నేల మీద చేసిన ఆయన మట్టిబొమ్మ ఇంకా తడి ఆరకముందే పెద్దమనుషులు పిలిచి చెప్పేసినారు: "వచ్చే ఏడు కీబోర్డు తెచ్చుకో అబ్బయ్యా, ఆ పెట్టె దగ్గుతా ఉండాది."

దగ్గేది నిజమే. తిత్తికి రెండు చోట్ల సైకిలు ట్యూబు అతికించినా. పై మధ్యమం మెట్టు నొక్కితే కిందికి పోయి అక్కడే పడుకుంటుంది, చిటికెన వేలితో లేపుకుంటా వాయించాల. బాగు చేయడానికి 6,000 అడుగుతున్నారు. వాడిన కీబోర్డు 12,000కు వస్తుంది. నాకేమో పెట్టెనే బాగు చేయిద్దామని ఉంది. తప్పా?

బండిమీదబృందం (పలమనేరు):
తప్పే అన్నా. ఈ రాత్రి ఇక్కడ, రేపు పుంగనూరు. ఆ బరువు మోసుకొని బస్సెక్కేది నువ్వా, పెద్దమనుషులా? కీబోర్డు నేను వీపుకు తగిలించుకొని పోతా. నటుడు రెండు శ్రుతి (పాటకు ఆధారమయ్యే 'స' ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే లెక్క) అంటే రెండు, రెండున్నర అంటే ఒక బటన్. వేళ్ళు మార్చే పనే లేదు.

గాంధారం (తిరుపతి):
దొందూ దొందే. హార్మోనియం మాత్రం మన తాతల సొత్తా? యూరప్ నుంచి వచ్చిందే. ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. గమకం (స్వరాన్ని ఊపి జార్చి పలికేది) పలకదు, స్వరస్థానాలు కుదరవు అన్నదే అప్పటి గొడవ. 'స' నుంచి పై 'స' దాకా పన్నెండు సమాన భాగాలుగా కూర్చిన మెట్లలో అంతర గాంధారం (పెద్ద 'గ'), తంబూరాలో వినిపించే గాంధారం కంటే పైకే ఉంటుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరంలో దాదాపు ఏడో వంతు. తంబూరా పక్కన కూర్చున్న చెవికి అది ముల్లులా తగులుతుంది. కీబోర్డుదీ అదే లెక్క. ఇంక ఆ పాత పెట్టెలో ఏం చూసి పట్టుకొని వేలాడుతున్నారు?

ఇత్తడిమెట్లు:
ఆ గాంధారమే సార్ చూసేది! మా గురువు ఆ పెట్టెను మూడు రోజులు విప్పి పెట్టుకొని చెవితో సరిచేయించినాడు. రీడు (గాలికి అదిరి పలికే ఇత్తడి రేకు) నాలుకను మొదట్లో గీకితే స్వరం దిగుతుంది, కొసన గీకితే ఎక్కుతుంది. రెండు శ్రుతికి గాంధారం ఎంత దిగాలో అంత దించినారు, పిసరు ఎక్కువ కాదు, తక్కువ కాదు. ధర్మరాజు వేషం ఆ స్వరం మీద నిలబడితే పెట్టె, గొంతు వేరువేరుగా వినిపించవు.

బండిమీదబృందం:
అంటే రెండు శ్రుతికే పనికొస్తుంది. వేరే శ్రుతి ఎత్తుకున్నోడి గతి?

ఇత్తడిమెట్లు:
అక్కడ దొరికిపోయినా తమ్ముడూ. మా అర్జునుడు పద్యాలన్నీ వాళ్ళ నాయన టేప్ రికార్డరులో విని నేర్చుకున్నాడు. దాని బెల్టు సాగిపోయింది. తిరిగే వేగం నూటికి 6 తగ్గిందంటే అర శ్రుతి దిగినట్టే. క్యాసెట్టులో రెండుగా ఉన్నది ఆయన చెవికి ఒకటిన్నరగా ఎక్కి కూర్చుంది, ఇప్పుడు దిగమన్నా దిగదు. ఆయన తపస్సు మాను (అర్జునుడి తపస్సు ఘట్టానికి నాటే ఎత్తైన స్తంభం) ఎక్కే పూట నా గాంధారం నాకే వెక్కిరింపు. పైకి పోయేకొద్దీ, కిందున్న జనానికి నిమ్మకాయలు విసిరే ఉత్సాహంలో, ఇంకో పిసరు ఎక్కుతాడు కూడా.

మద్దెలమామ:
పిల్లోళ్ళూ, మీరు చెవులు గీక్కుంటా ఉండండి. పోయిన ఏడు పక్క ఊర్లో కీబోర్డే. అర్జునుడు సగం మానెక్కినాక కరెంటు పోయింది. పైన ఆయన, కింద పిల్లలు పుట్టాలని మొక్కుకొని తడి బట్టలతో ఆడోళ్ళు, మధ్యలో నా మద్దెల ఒక్కటే. జనరేటరు తాడు లాగేవాడికి చెమటలు. నేను ధీం ధీం అని ఎంతసేపు పొడిగించేది? పెట్టెకు కరెంటు అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు.

బండిమీదబృందం:
బ్యాటరీలు వేసుకుంటే పోయేదానికి ఇంత కథా మామా!

మద్దెలమామ:
వాళ్ళూ వేసుకున్నారు నాయినా. పోయిన తిరణాల నాటివి.

ఇత్తడిమెట్లు:
బ్యాటరీ సంగతి ఒప్పుకుంటా, అది పెట్టె గొప్ప కాదు, వాళ్ళ సోమరితనం. పెద్దలతో మాట్లాడినా. హాస్యం వేషాలకు తమ్ముడిని కీబోర్డుతో రమ్మంటాం, పద్యాలకు పెట్టే. వాళ్ళు సగం మనసుతో ఊఁ అన్నారు. గాంధారం సార్, తిరుపతిలో చెవితో గీకేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఫోను ముందర పెట్టి 440 హెర్ట్జ్ కొలతకు కలిపేవాళ్ళు వద్దు.

గాంధారం:
గోవిందరాజస్వామి గుడి వైపు ఒక పెద్దాయన ఉన్నారు. చూపు మందగించింది, చెవి మాత్రం చెక్కుచెదరలేదు. ముందే చెప్తున్నా, తొందరపెడితే పెట్టె ముట్టుకోరు. వచ్చేటప్పుడు మీ అర్జునుణ్ణి కూడా వెంటబెట్టుకొని రండి.